రీడర్ ఇంకా రాలేదు

దుకాణం పైన, నా గది

పిన్నికి,

మా ఇంట్లో ఎవరికీ నేను అర్ధం కాను. చిన్నప్పుడు కూడా నీకు ఈ మాటే రాసినట్టు గుర్తు. అప్పుడు అది గారం. ఇప్పుడు నిజం.

నాన్న ఊరందరి కళ్లూ పరీక్షించి జోళ్లు ఇస్తాడు. గోడమీది అక్షరాల అట్టలో ఆఖరి వరస చదవలేదని ముసలివాళ్లని దెప్పుతాడు. ఎదురుగా కూర్చున్న కూతురి మొహం మీద ఇంతింత లావు అక్షరాలతో రాసి ఉన్నదాన్ని మాత్రం తప్పు చదువుతాడు. అమ్మ చదవదు, వింటుంది. అదీ తలుపు అవతల నుంచి, సగం. మిగతా సగం తనే పూర్తి చేసుకుంటుంది. ఆ రెండూ కలిపి, అన్నగారింట్లోనే ఉండే మా బాబాయ్ వీధిలో చెబుతాడు.

సంగతి మొదటినుంచీ చెప్తాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో, మా ఇంట్లో ఫోన్ ఎవరికి వచ్చినా స్పీకర్ నొక్కి భోజనాల బల్ల మధ్యలో పెడతారు. నీకు తెలుసు కదా.

మీ ఊళ్లో, మీ ప్రెస్సుకి రెండు వీధుల అవతల, పాత కట్టడాల పగుళ్లు చూసే ఆఫీసు ఒకటి ఉంది. వంతెనలు, నీళ్ల ట్యాంకులు, వంద మంది పనిచేసే మిల్లులు, ఎక్కడ గోడ బీటలిచ్చినా వీళ్లు వెళ్లి, అది పాత పగులా, ఇంకా పెరుగుతున్నదా అని తేలుస్తారు. ఇంజినీర్ కావాలని ప్రకటన వేస్తే రాశాను. నేను చదివింది అదే కదా. చదువు అయినప్పటి నుంచీ జోళ్ల పెట్టెలు తుడవడం తప్ప ఏ కట్టడమూ ముట్టుకోలేదు. అక్కడి పెద్దావిడ జవాబిచ్చింది. పట్టా అందరికీ ఉంటుంది, ఒకే పగులుని కొన్ని నెలలపాటు చూస్తూ తీసిన ఫొటోలు ఉంటే పంపు, నీకు ఓపిక ఉందో లేదో అవే చెబుతాయి అంది. వానలు వెనకపట్టేలోపు పంపాలి.

నా దగ్గర ఉన్నాయి పిన్నీ. అవే ఉన్నాయి. నువ్విచ్చిన పాత కెమెరాతో ఏడాదిగా ఊళ్లో కనిపించిన పగులునల్లా తీస్తున్నాను. ఇంట్లో వాళ్లు పువ్వులు తీస్తున్నాననుకుంటున్నారు. ఆ ఫొటోలన్నీ కెమెరాలో ఉన్న మెమరీ కార్డులో ఉన్నాయి. కెమెరాకి కేబుల్ పెట్టే చోటు నీ చేతిలోనే విరిగింది. నా లాప్‌టాప్ ఎంత సన్నదంటే దానికి కార్డు పెట్టే సందే లేదు. ఉన్నవల్లా మూలలు గుండ్రంగా ఉన్న సన్నటి రంధ్రాలు రెండు. కాబట్టి ఆ కార్డుని చదివి లాప్‌టాప్‌కి అందించే కార్డు రీడర్ ఒకటి కావాలి. తెప్పించడానికి డబ్బు కట్టాను. అది రాదు.

మొన్న డాబా మీద నుంచి ఆ పార్సిల్ వాళ్లకి ఫోన్ చేసి అన్నాను: "రీడర్ ఇంకా రాలేదు. రీడర్ లేకుండా నేనేమీ చెయ్యలేను. ఇంకో నెల ఇలాగే అయితే నా బతుకు ఈ ఇంట్లోనే తెల్లారిపోతుంది."

తీగ మీద దుప్పటి ఆరేస్తూ, దుప్పటి అవతల, అమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న నా వైపు చూడకుండా, గొంతు బాగా మెత్తగా చేసుకుని, "నమ్మచ్చా?" అని అడిగాడు. అమ్మ పార్సిల్ సంగతి చెప్పి ఉంటుందనుకుని, వాడితే గానీ తెలియదన్నాను. నాన్నకి పొలమారింది. అప్పుడు బాబాయ్ అందుకుని, రీడర్ అంటే లెక్చరర్‌కి పైన, ప్రొఫెసర్‌కి కింద, మంచి హోదా అని వివరించాడు. నాకు అప్పుడు వెలిగింది.

"కాదు నాన్నా, రీడర్ అంటే మనిషి కాదు," అన్నాను.

"అలా అనకే," అంది అమ్మ. "రాలేదని కోపం ఉంటే ఉండచ్చు. మనిషే కాదనకూడదు."

ఇక నేను నోరు తెరిచిన కొద్దీ అతను పెరుగుతున్నాడు. మీ ప్రెస్సులో కార్డు రీడర్ లాంటిది ఏదైనా పడి ఉంటే పంపు. అమ్మకి నువ్వైనా చెప్పు.

నీ సుడిగాలి


ప్రెస్సు, వెనక గది

సుడిగాలికి,

ముందు ఒక దిద్దుబాటు. 'అర్ధం కాను' అని రాశావు. అర్ధం అంటే సగం. నీకు కావలసింది అర్థం. ఇరవై ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఈ ఒత్తు దిద్ది దిద్ది నా వేళ్లు వంకర్లు పోయాయి, సొంత అక్క కూతురు కూడా ఇలాగే రాస్తే ఎవరికి చెప్పుకోను. అయితే మీ ఇంటి సంగతి చదివాక నువ్వు రాసిందే సరైనదేమో అనిపించింది. అమ్మకి నువ్వు అర్ధమే అవుతావు. మిగతా అర్ధం తను కల్పించుకుంటుంది.

తప్పు ఎక్కడ జరిగిందో చూశావా? నువ్వు డాబా మీద అన్న మాటలన్నీ 'లేదు'లే. రాలేదు, లేకుండా, చెయ్యలేను. మన భాషలో ఉన్నదాన్ని చెప్పాలంటే వచ్చాడో వచ్చిందో తేల్చుకోవాలి. రాలేదు అన్నామంటే ఆడా మగా మనిషీ వస్తువూ అన్నీ ఒకటే. 'రీడర్ వచ్చింది' అని ఒక్కసారి అని ఉంటే మీ అమ్మ దుప్పటి ఆరేసుకుని కిందికి పోయేది. రాలేదన్నావు కాబట్టి అతను వచ్చాడు.

అక్క నాకు ఫోన్ చేసింది. రీడర్ సంగతి నీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. భయపడాల్సిందేమైనా ఉందా అంది. రీడర్ వల్ల ఎవరికీ ఏ హానీ లేదన్నాను. అది నిజం. అంతకన్నా అడగలేదు, నేను చెప్పలేదు.

నా మాట విని కొన్నాళ్లు ఊరుకో. అతనున్నంతకాలం ఇంకొకరి ఫొటో తెచ్చి నీ ముందు పెట్టరు. కార్డు రీడర్ ఉందేమో వెతికి చూస్తాను.

మా ఊరి ఆఫీసు గురించి మాత్రం తొందరపడకు. ఆ వీధిలో దుమ్ము ఎక్కువ.

పిన్ని


దుకాణం పైన, నా గది

పిన్నికి,

దుమ్ము ఎక్కువని ఎవరైనా ఉద్యోగం మానుకుంటారా? పగుళ్ల ఆఫీసు పూలతోటలో పెడతారా?

అర్థం. చూశావా, ఒత్తు పెట్టాను.

రీడర్ వచ్చింది. ఈ మాట గట్టిగా అనాలని నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ కాచుకుని ఉన్నాను. పార్సిల్ అందుకునేసరికి అమ్మ ఇంట్లో లేదు, నాన్న ఎవరి కంట్లోనో లైటు వేసి చూస్తున్నాడు, బాబాయ్ పేపర్లో మునిగి ఉన్నాడు. ఇంట్లో ఎవరూ వినని మాట ఇదొక్కటే.

పైకి తెచ్చి విప్పాను. అగ్గిపెట్టెలో సగం, నల్లగా, ఒక పక్క కార్డు పెట్టే నోరు, ఇంకో పక్క లాప్‌టాప్‌లో దూర్చే మూతి. ఆ మూతి పాత కాలపు వెడల్పు మూతి. నా లాప్‌టాప్‌వి సన్న రంధ్రాలు. దూరదు. తిప్పి చూశాను, బోర్లించి చూశాను, బతిమాలాను. మధ్యలో మూతి మార్చే అడాప్టర్ ఇంకొకటి ఉండాలట. మా కెమెరాలో ఉన్నది గోరంత కార్డు, దానికి పెద్ద కార్డు తొడుగు, ఆ తొడుగుకి రీడర్, రీడర్‌కి అడాప్టర్, అడాప్టర్‌కి లాప్‌టాప్. మా బాబాయ్ ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు చెప్పే చుట్టరికంలా ఉంది, తోడల్లుడి మేనత్త ఆడపడుచు మరిది అని.

ఆ చిరాకులో మెట్ల దగ్గరికొచ్చి, ఎవరినీ ఉద్దేశించి కాదు, "రీడర్ కుదరలేదు," అన్నాను.

మళ్లీ లేదు. నోరు జారాక గుర్తొచ్చింది. అప్పుడే గుమ్మంలో అమ్మ.

నాన్న ఆ పూట దుకాణం మూసేశాడు. అమ్మ నా గదిలోకొచ్చి, అడగకుండానే నా జుట్టు విప్పి దువ్వడం మొదలుపెట్టింది. చదువుకున్నవాళ్లకి పట్టింపులుంటాయనీ, ఒకటి రెండుసార్లు కుదరకపోతే అదే ఆఖరనుకోకూడదనీ చెప్పింది. నేను రీడర్‌ని అరచేతిలో పెట్టి చూపించాను. ఇదే రీడర్ అమ్మా అన్నాను. ఆవిడ దాన్ని తీసుకుని కాసేపు చూసి, "ఇది ఇచ్చి పంపించేశాడా?" అంది. కళ్లలో నీళ్లు.

రీడర్‌ని ఆవిడ చేతిలోంచి తీసుకుని లాప్‌టాప్ పక్కన పెట్టి చూపించాను.

మధ్యలో అడాప్టర్ లేకుండా కలవదని వివరించాను. నిదానంగా, ఒక్కో మాటా. అమ్మ వెళ్లి నాన్నకి చెప్పింది. నాన్న బాబాయ్‌ని అడిగాడు. బాబాయ్ నిఘంటువు తెచ్చి, అడాప్టర్ అంటే పొసగని రెంటినీ పొసగేలా చేసేది అని చదివి వినిపించి, చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"ఇంట్లో నేనుండగా బయట వెతకడం దేనికి?" అన్నాడు.

అప్పటినుంచీ మా బాబాయే అడాప్టర్. నిజంగా పిన్నీ, నవ్వకు. జుట్టుకి రంగు వేసుకున్నాడు.

ఇంకో సంగతి. నాన్న రీడర్ కోసం కళ్లజోడు తయారుచేశాడు. అంత చదివిన మనిషికి జోడు లేకుండా ఉండదట, ఉన్నా మంచిది ఉండదట. కొలత తెలియదు కదా నాన్నా అంటే, ఫ్రేము ముందు చేసిపెట్టి అద్దాలు మనిషిని చూశాక బిగిస్తానన్నాడు. గోధుమరంగు ఫ్రేము. ప్రస్తుతానికి వట్టి అద్దాలు. తన చేత్తో చెవి దగ్గర వంపు అరగదీస్తూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాన్న ఒక మనిషి కోసం అంత శ్రద్ధగా పనిచెయ్యడం చూడలేదు. అతను లేకపోవడం నాకే చిన్నతనంగా అనిపించింది.

అడాప్టర్ ఈ ఊళ్లో దొరకడం లేదు. సెల్‌ఫోన్ల కొట్టతను ఎప్పుడడిగినా వచ్చే వారమంటాడు. కార్డు ఇస్తే తన కంప్యూటర్లో ఎక్కించి పెడతానన్నాడు. పక్కింటావిడ అలాగే తన మనవరాలి ఫొటోలకని కార్డు ఇస్తే, తిరిగొచ్చినప్పుడు దాన్నిండా ఎవరివో గొర్రెలున్నాయి. నేను ఇవ్వను. ఏడాది పాటు మోకాళ్ల మీద కూర్చుని తీసినవి అవి. అవి పోతే నాకు ఆ ఉద్యోగం లేదు, ఇంకో ఉద్యోగం ఎక్కడ ఉందో తెలియదు, జోళ్ల పెట్టెలు మాత్రం కింద నిండా ఉన్నాయి.

మీ ప్రెస్సులో అడాప్టర్ ఉందా? వెతికావా?

సుడిగాలి


ప్రెస్సు, వెనక గది

సుడిగాలికి,

అడాప్టర్ కనిపించలేదు.

నీ ఉత్తరం చదివి, మా మేనేజర్ ఏమైందని అడిగేంతగా నవ్వాను. తర్వాత ఒక విషయం నీకు చెప్పాలనిపించింది. ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా.

నా ఇంజినీర్ గురించి నువ్వు వినే ఉంటావు. మీ ఇంట్లో నా పేరెత్తినప్పుడల్లా ఎవరో ఒకరు నిట్టూర్చి, ఆ ఇంజినీర్ వచ్చి ఉంటే దాని బతుకు ఇంకోలా ఉండేది అంటారు. నువ్వు చిన్నప్పుడు నన్ను అడిగావు కూడా, ఇంజినీర్ ఎలా ఉండేవాడు పిన్నీ అని. నేను నీకు బొమ్మల పుస్తకం ఇచ్చి మాట మార్చాను.

నేను ఈ ప్రెస్సులో చేరిన కొత్తలో అచ్చు యంత్రం రోలరు పాడైంది. బాగుచెయ్యడానికి కంపెనీ ఇంజినీర్‌ని పంపుతామన్నారు. పరీక్షల పుస్తకాలు అచ్చు కావాలి, అందరం వాకిలి వైపే చూస్తున్నాం. ఆ రోజుల్లోనే మా నాన్న, అంటే మీ తాతయ్య, నాకు సంబంధం ఒకటి ఖాయం చెయ్యబోతూ ఇక్కడికి ఫోన్ చేశారు. ఇంటికి ఎప్పుడొస్తున్నావంటే, "ఇంజినీర్ రాలేదు నాన్నా, అతను వచ్చేదాకా నేను కదలలేను," అన్నాను.

అంతే. నేను అన్నది ఆ ఒక్క మాట. తాతయ్య ఆ సంబంధం వెనక్కి పంపేశారు. మూడు నెలలాగి మళ్లీ అడిగారు, ఇంజినీర్ వచ్చాడా అని. రాలేదన్నాను. నిజంగానే రాలేదు. ప్రెస్సు వాళ్లు విసిగి వేరే యంత్రం కొనుక్కున్నారు. ఏడాది తర్వాత తాతయ్య ఇక అడగడం మానేశారు. మీ అమ్మ నన్ను కావలించుకుని ఏడ్చింది. నా ముందు ఎవరూ పెళ్లి మాట ఎత్తకూడదని ఇంట్లో కట్టుబాటు పెట్టింది.

నేను ఏ రోజూ అబద్ధమాడలేదు. నాకు ఈ గది, ఈ కాగితాల వాసన, సాయంత్రం నడక, ఎవరూ పిలవని ఆదివారం, ఇవన్నీ అతను రాకపోవడం వల్లే వచ్చాయి. రాని మగవాడంత మంచి తోడు ఇంకొకరు లేరు. తాళం చెవులు పారేసుకోడు, కూర బాగాలేదనడు.

కాబట్టి నా సలహా. రీడర్ రాకుండా చూసుకో. అప్పుడప్పుడూ డాబా మీదికెక్కి ఒక 'లేదు' అను. నీ జోలికి ఎవరూ రారు. ఉద్యోగాలు మీ ఊళ్లోనూ ఉంటాయి.

పిన్ని

తా.క. 'నోరు జారాక' సరే. 'కాచుకుని ఉన్నాను' బాగుంది, దిద్దను.


దుకాణం, కౌంటర్ వెనక

పిన్నికి,

ముందు జరిగింది చెప్తాను, తర్వాత నా కోపం.

అడాప్టర్, అంటే బాబాయ్, పనిలోకి దిగాడు. మా ఊరి కాలేజీకి వెళ్లి రీడర్ ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నారు. వృక్షశాస్త్రం రీడర్. ఒక్కరే ఉన్నారు. బాబాయ్ ఆయనకి నమస్కారం పెట్టి, మా అన్నయ్య మిమ్మల్ని చూడాలంటున్నారు, మీకోసం జోడు చేసి ఉంచారు అన్నాడు. ఆయన సంతోషంగా వెంట వచ్చేశారు.

వచ్చే ఏడు రిటైరవుతారట. ఒక చెవి వినపడదు. ముగ్గురు మనవలు. గుమ్మంలో ఆయన్ని చూసి అమ్మ వంటింట్లోకి వెళ్లి గిన్నెల మధ్య నిలబడిపోయింది. నాన్న మాత్రం నిబ్బరం తెచ్చుకుని, కుర్చీ జరిపి, ఎదురుగా కూర్చోబెట్టి, "మీకు మా అమ్మాయి ఎన్నాళ్లుగా తెలుసు?" అని అడిగాడు. ఆయనకి అది కంటి పరీక్షలో భాగమనిపించింది కాబోలు, ఎడమ కన్ను మూసుకుని, "దూరంవి బాగానే ఉన్నాయి, దగ్గరవే కనపడవు," అన్నారు.

నాన్న నా వైపు తిరిగాడు. ఆ మొహం చూస్తే జాలేసింది. ఏ వయసైనా, ఎంతమంది మనవలున్నా సర్దుకుపోవడానికి సిద్ధపడిన మొహం.

"ఈయన కాదు నాన్నా," అన్నాను.

"అయితే ఎవరు?" అన్నాడు నాన్న.

చూశావా. కాదు అన్నా తప్పే. ఈయన కాదంటే ఇంకో ఆయన ఉన్నట్టే.

నాన్న తను చేసిన జోడు ఆయనకి పెట్టి చూశాడు. వట్టి అద్దాలు కదా, ఏమీ తేడా లేదన్నారు. అక్షరాల అట్ట మీద మూడో వరస దాకా చదివి, మొక్కలకి నీళ్లు పొయ్యాలని లేచి వెళ్లిపోయారు. బాబాయ్ ఆయన్ని ఇంటి దాకా దిగబెట్టి వచ్చి, అడాప్టర్‌గా తన పని తను చేశానని, మూతి కలవకపోతే తన తప్పు కాదని అన్నాడు.

ఇక నా కోపం.

నీ ఇంజినీర్ కథ చాలా బాగుంది. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఒక ప్రశ్న వచ్చింది. అక్షరం కింద ఒత్తు తగ్గితే పట్టుకునేదానివి, ప్రెస్సులో అడాప్టర్ కనిపించకపోవడం ఏమిటి? పాఠ్యపుస్తకాల బొమ్మలన్నీ కెమెరాల్లోంచే కదా మీ కంప్యూటర్లలోకి వచ్చేది? మా ఊళ్లో ఉద్యోగాలుంటాయని నువ్వు ఎప్పటినుంచి అంటున్నావు? ఇక్కడ కట్టేదీ లేదు, కూలేదీ లేదు. నేను మీ ఊరు రావడం నీకు ఇష్టం లేదా?

లేదంటే లేదని రాయి. కానీ ఈసారి మాత్రం మగా ఆడా తెలిసేలా రాయి.

పగుళ్ల ఆఫీసు పెద్దావిడ మళ్లీ రాసింది. ఈ నెలాఖరు తర్వాత తనకి అక్కర్లేదంది.

సుడిగాలి


ప్రెస్సు

సుడిగాలికి,

దీంతోపాటు అడాప్టర్ పంపుతున్నాను. సన్న మూతి నీ లాప్‌టాప్‌లోకి, వెడల్పు నోట్లోకి నీ రీడర్. పెట్టేటప్పుడు నొక్కకు, దానంతటది కూర్చుంటుంది. పని అయ్యాక వెంటనే లాగెయ్యకు, తీస్తున్నానని కంప్యూటర్‌కి చెప్పి తియ్యి. లేకపోతే ఫొటోలు పాడవుతాయి.

ఇది మొదటినుంచీ నా బల్ల కింది సొరుగులో ఉంది. కనిపించలేదని రాశాను. సొరుగు తెరవలేదు కాబట్టి కనిపించలేదు.

నువ్వు ఇక్కడికొస్తే నెలకోసారి మీ అమ్మ వస్తుంది. బాబాయ్ వస్తాడు. మా మేనేజర్‌తో మాట కలుపుతాడు. ఇంజినీర్ ఎవరని అడుగుతాడు. రోలరు సంగతి మా మేనేజర్‌కి బాగా గుర్తు. ఇన్నేళ్లూ నన్ను కాపాడినవాడు ఒక్క పూటలో పోతాడు. ఆ భయం.

వస్తావో రావో నీ ఇష్టం. ఫొటోలు పంపు.

పిన్ని


దుకాణం, అక్షరాల అట్ట కింద

పిన్నికి,

నీ కవరు పార్సిల్ అబ్బాయి తేలేదు, పోస్టులోనే వచ్చింది, నేనే అందుకున్నాను. గోరంత కార్డు తొడుగులోకి, తొడుగు రీడర్‌లోకి, రీడర్ అడాప్టర్‌లోకి, అడాప్టర్ లాప్‌టాప్‌లోకి. నొక్కలేదు. దానంతటది కూర్చుంది. రీడర్‌కి ఒక చిన్న ఆకుపచ్చ దీపం ఉందని అప్పుడు తెలిసింది.

మర్నాడే ఇంట్లో వాళ్లకి చూపించాలనుకున్నాను. చెప్పి లాభం లేదని తేలిపోయింది కదా. నేను మాట్లాడితే అది అతని గురించి అవుతుంది. అందుకని మాట్లాడదలచుకోలేదు. ఆ కార్డు తొడుగు పక్కన చూశావా, చిన్న గొళ్లెం లాంటిది ఉంటుంది. దాన్ని కిందికి జరిపితే కార్డుని చదవడమే గానీ మార్చడం కుదరదు. మా వాళ్లని పిలిచే ముందు ఆ గొళ్లెం వేశాను.

మధ్యాహ్నం, దుకాణానికి ఎవరూ రాని వేళ, లాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి ముగ్గురినీ కూర్చోబెట్టాను. ఒక్కో ఫొటో చూపించాను. వంతెన కింద పగులు. నీళ్ల ట్యాంకు మెడ దగ్గర పగులు. మిల్లు గోడ. ప్రతి దాని పక్కనా కొలత తెలియడానికి నా నీలం పెన్ను. అమ్మ ప్రతి దాంట్లో వెతుకుతోంది. గోడ చాటున, స్తంభం వెనక, వంతెన మీద పోయే సైకిలు దగ్గర. బాబాయ్ అయితే, ప్రతి చోటా పెన్ను ఉంది, రాసుకునే మనిషే అన్నాడు.

మిల్లు గోడ మీద సాయంత్రం ఎండలో తీసినది ఒకటి ఉంది. పగులుకి అడ్డంగా పొడుగ్గా నీడ పడింది. అమ్మ తెర మీద వేలు పెట్టి ఆపింది.

"ఇతనేనా?"

"అది నేనేనమ్మా."

అమ్మ ఆ నీడని చాలాసేపు చూసింది. మోచేతులు ఎత్తి, కెమెరా మొహానికి ఆనించుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ నీడ. "ఇలా నిలబడతావా నువ్వు?" అంది. ఆ తర్వాత ఫొటోల్లో వెతకడం మానేసి, చూడటం మొదలుపెట్టింది.

ఆఖర్న మన దుకాణం గోడ. ఇప్పుడు నేను ఏ అట్ట కింద కూర్చుని రాస్తున్నానో ఆ అట్ట వెనకది. నాన్నే పగులు కనపడకుండా అక్షరాల అట్ట తగిలించాడు. నేను ఆదివారాలు అట్ట దింపి తీసేదాన్ని. పెద్ద అక్షరం వెనక మొదలై, వరస వరసా దిగుతూ, మొదటి ఫొటోలో మూడో వరస దాకా ఉంటుంది. ఆఖరి ఫొటోలో చీమంత అక్షరాల వరస దాటింది. అన్నీ వరసగా వేసి చూపిస్తే కదులుతున్నట్టే ఉంది.

నాన్న జేబులోంచి భూతద్దం తీశాడు. తెర మీదికి వంగి, పెన్నుకీ పగులుకీ మధ్య చూపు అటూ ఇటూ తిప్పాడు. లేచి వెళ్లి అట్ట దింపి గోడ చూశాడు. మళ్లీ వచ్చి తెర చూశాడు.

"ఎంత పెరిగింది?" అన్నాడు.

పిన్నీ, మా నాన్న నా చదువు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. ఎందుకు పెరుగుతోందన్నాడు. వెనక తూము కారి పునాది కింద మన్ను మెత్తబడుతోందని చెప్పాను. ఏం చెయ్యాలన్నాడు. చెప్పాను. నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా ఎవరూ ఇంకోలా వినలేదు.

ఆ సాయంత్రమే కౌంటర్ మీద నుంచి ఫొటోలన్నీ పంపాను. తీస్తున్నానని కంప్యూటర్‌కి చెప్పే తీశాను. వారంలో పెద్దావిడ జవాబిచ్చింది. దుకాణం గోడవి చూసి, ఎవరి ఇల్లో గానీ తూము ముందు బాగుచేయించమని చెప్పు, ఆ తర్వాత నువ్వొచ్చి చేరు అని రాసింది.

తూము అయింది. బాబాయ్ దగ్గరుండి చేయించాడు. ఇప్పుడు వీధిలో తనే పునాదుల గురించి చెబుతున్నాడు.

అమ్మ ఎదురింటావిడతో అంటుంటే విన్నాను. ఈసారి తలుపు అవతల నేను. "రీడర్ కుదరలేదు, ఉద్యోగం కుదిరింది," అంది. దిద్దలేదు. సగం అర్థమైంది, మిగతా సగం ఆవిడ ఇష్టం.

నాన్న ఆ గోధుమరంగు జోడు నాకిచ్చాడు. గోడలు గోకేటప్పుడు కంట్లో దుమ్ము పడుతుంది, పెట్టుకో అన్నాడు. మగవాడి కొలత. ముక్కు మీంచి జారిపోతోంది. చెవి దగ్గర వంపు మళ్లీ అరగదీసి ఇస్తానన్నాడు, ఆగలేదు, తీసుకున్నాను.

నీ ఇంజినీర్ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. నా వల్ల తెలియదు. అతను నీవాడు, ఉంచుకో. నేను నాకోసం అలాంటివాడిని ఉంచుకోను. రీడర్ మనిషి కాదనీ, నేను ఎవరికోసమూ ఎదురుచూడటం లేదనీ భోజనాల బల్ల దగ్గర చెప్పేశాను. స్పీకర్ నొక్కినంత గట్టిగా చెప్పాను.

నాకు వేరే గది వెతకక్కర్లేదు. నీ ముందు గదిలో ఉంటాను. పాత ప్రూఫుల కట్టలు కిటికీ కింద నుంచి తీసెయ్యి, అక్కడ నా బల్ల వేసుకుంటాను. అమ్మా బాబాయ్ వచ్చినప్పుడు మేనేజర్‌తో నేను మాట్లాడతాను. అచ్చు యంత్రాల రోలర్లు బాగుచెయ్యడం నాకు రాదు.

మంగళవారం పొద్దున రైలుకి ఇంజినీర్ వస్తోంది.

సుడిగాలి